క్రెటా ధరకే బీఎండబ్ల్యూ... కొనేయొచ్చా?

ఆఫర్ లెటర్ వచ్చింది. మొదటి జీతం ఖాతాలో పడింది. ఇక ఫోన్ తెరిస్తే చాలు, తళతళలాడే కారు ముందు నిలబడి ఓ డీలరు ఊరిస్తుంటాడు. ‘కొత్తలో నలభై లక్షల పైమాటే బ్రదర్, మీకైతే పద్నాలుగే!’ అంటాడు. పక్కనే ఈఎంఐ లెక్క, పైన మ్యూజిక్. మనలో చాలామందికి అక్కడే మనసు జారిపోతుంది.

ఇలాంటి కారు కొనడం తప్పేమీ కాదు. తెలిసి కొంటే మంచి బేరమే. కానీ కొనే ముందు ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. పాతబడే కొద్దీ ధర తగ్గేది కారుకే, దాని విడిభాగాలకు కాదు. పద్నాలుగు లక్షలకు కొన్నా, దానికి పడే టైర్లు, గేర్‌బాక్స్ ఆయిల్, హెడ్‌లైట్ మాత్రం నలభై లక్షల కారువే. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా లెక్కే.

అసలు ‘జీటీ’ అంటే?

జీటీ అంటే గ్రాన్ టురిస్మో. ఇటాలియన్ మాట. ఇంగ్లిష్‌లో గ్రాండ్ టూరింగ్. వందల కిలోమీటర్లు వేగంగా వెళ్లినా ఒళ్లు అలసిపోకుండా, సామానుతో సహా హాయిగా చేర్చే కారు అని అర్థం. వెనక రెండక్షరాల బ్యాడ్జీ తగిలించుకున్న ప్రతి హ్యాచ్‌బ్యాకూ జీటీ అయిపోదు. 2003లో వచ్చిన బెంట్లీ కాంటినెంటల్ జీటీ ఈ కోవలో పెద్ద పేరు. అది మన ఊహకే పరిమితం అనుకోండి. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కనిపించి, ‘ఇది మనకూ అందుతుందేమో’ అనిపించేది బీఎండబ్ల్యూ 3 సిరీస్ గ్రాన్ టురిస్మో. అందుకే ఉదాహరణగా దాన్నే తీసుకుందాం.

2013లో జెనీవా మోటార్ షోలో చూపించిన ఈ కారు 2014 ఆటో ఎక్స్‌పోలో మన దేశానికి వచ్చింది. మామూలు 3 సిరీస్ సెడాన్ కంటే వీల్‌బేస్ 110 మిల్లీమీటర్లు ఎక్కువ. దాంతో వెనక సీట్లో కాళ్లు చాపుకొనే చోటు పెరిగింది. డిక్కీ 520 లీటర్లు. సీటు కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కి దిగడానికి సులువు. మొదట వచ్చిన 320డీలో రెండు లీటర్ల డీజిల్ ఇంజిన్, 184 హార్స్‌పవర్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. హైదరాబాద్ నుంచి విశాఖకు నలుగురు సామానుతో వెళ్లాలంటే ఇంతకంటే ఏం కావాలి అనిపించే కారే.

మరి ఇంత చవక ఎందుకు?

మొదటి కారణం తరుగు. బీమా కంపెనీలు కారు విలువ కట్టే పట్టిక ప్రకారమే నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య వయసున్న కారుకు 50 శాతం తరుగు తీసేస్తారు. లగ్జరీ కార్లకు మార్కెట్లో ఇంకో దెబ్బ కూడా ఉంది. కొత్త కారు కొనే స్తోమత ఉన్నవాళ్లు పాతది కొనరు. పాతది కొనాలనుకునేవాళ్లు మెయింటెనెన్స్‌కు భయపడతారు. కొనేవాళ్లు తక్కువైతే ధర పడిపోక ఏమవుతుంది? రేపు మీరు అమ్మబోయినా ఇదే కథ. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అనే సామెత ఈ కార్లను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది.

రెండోది ఢిల్లీ బండ్లు. దిల్లీ, పరిసర ప్రాంతాల్లో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత నిబంధనల్లో మార్పులు వచ్చినా, వయసు మీద పడిన డీజిల్ కార్లు అక్కడి నుంచి దక్షిణాదికి రావడం అలవాటైపోయింది. ఢిల్లీ కారు అయినంత మాత్రాన చెడ్డది కాదు. కాకపోతే ఇక్కడ రీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఈ ఖర్చు డీలరు చెప్పే ధరలో ఉందో లేదో ముందే తేల్చుకోండి.

జీతం ముందు పెట్టుకుని లెక్కేద్దాం

చేతికి నెలకు రూ.60 వేలు వస్తున్నాయనుకోండి. కారు రూ.14 లక్షలు. రూ.2 లక్షలు చేతి నుంచి పెట్టి, మిగతా రూ.12 లక్షలకు 13 శాతం వడ్డీతో అయిదేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.27,300. అయిదేళ్లలో వడ్డీయే రూ.4.38 లక్షలు దాటుతుంది.

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తుందనుకున్నా, లీటరు రూ.96 చొప్పున డీజిల్‌కు రూ.6,850. బీమా, సర్వీసింగ్, టైర్లు, అనుకోని రిపేర్ల కోసం నెలకు రూ.10 వేలు పక్కన పెట్టాలి. అంటే ఏడాదికి రూ.1.2 లక్షలు. ఈ తరగతి కారుకు ఇదేమీ దుబారా లెక్క కాదు.

మొత్తం రూ.44 వేలు పైనే. మిగిలేది సుమారు రూ.15,800. అందులోంచే రూమ్ అద్దె, తిండి, ఇంటికి పంపాల్సిన డబ్బులు. చదువుకు బ్యాంకు లోన్ తీసుకున్నవాళ్లైతే మారటోరియం కూడా గుర్తుపెట్టుకోండి. సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. కారు ఈఎంఐ, చదువు ఈఎంఐ ఒకేసారి పడ్డాయంటే ఆ రూ.15,800 కూడా మిగలదు. ఒక్క వాయిదా తప్పినా క్రెడిట్ స్కోరు మీద మచ్చ. నాలుగేళ్ల తర్వాత ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు ఆ మచ్చే అడ్డం నిలబడుతుంది.

బీమాలో ఇంకో కిటుకుంది. అయిదేళ్లు దాటిన కార్లకు చాలా కంపెనీలు జీరో డిప్రిసియేషన్ కవర్ ఇవ్వవు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50 శాతం మనమే భరించాలి. బంపర్, హెడ్‌లైట్ రెండిట్లోనూ ఉండేది ఎక్కువగా ప్లాస్టిక్కే కదా! పార్కింగ్‌లో చిన్న దెబ్బ తగిలినా సగం మన జేబులోంచే.

ముందు కాగితాలు, తర్వాతే కారు

కారు చూడగానే మనసు లొంగిపోతుంది. అందుకే చూడ్డానికి వెళ్లే ముందే కాగితాలు వాట్సాప్‌లో తెప్పించుకోండి.

ఆర్సీ: యజమాని పేరు, ఎన్నో ఓనరు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు సరిచూడండి. పెండింగ్ చలాన్లు రవాణా, పోలీసు శాఖల వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు.

లోన్: ఆర్సీలో హైపోథెకేషన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చే వరకూ పూర్తి డబ్బు ఇవ్వకండి.

బదిలీ: ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు ఉండాలి. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 ద్వారా తీసుకున్న ఎన్‌ఓసీ కూడా కావాలి. కొన్నవారు 30 రోజుల్లో బదిలీకి దరఖాస్తు చేయాలని చట్టం చెబుతోంది. ‘తర్వాత చూద్దాంలే బ్రదర్’ అంటే కుదరదు.

బీమా: పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. అయిదేళ్లు వరుసగా క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. ‘సింగిల్ స్క్రాచ్ కూడా లేదు’ అంటున్న కారుకు బోనస్ సున్నా ఉందంటే, దేనికి క్లెయిమ్ చేశారో అడగాల్సిందే. ఆ బోనస్ పాత యజమానిదే, కారుతో పాటు మనకు రాదు.

సర్వీస్ రికార్డు: స్టాంపులు సరిపోవు. ఏం మార్చారో రాసి ఉన్న బిల్లులు కావాలి. కుదిరితే యజమానినే వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఛాసిస్ నంబర్‌తో హిస్టరీ, పెండింగ్ రీకాల్స్ అడగండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

ఉదయాన్నే వస్తానని, అప్పటిదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే, ఏదో దాచడానికి ముందే స్టార్ట్ చేసి ఉంచారేమో అని అనుమానించాల్సిందే.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషం చాలా చెబుతుంది. బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ గేర్‌బాక్స్ వైపు, అంటే వెనకభాగంలో ఉంటుంది. ఆ చైన్ అరుగుతోందన్న ఫిర్యాదులు ముఖ్యంగా 2007-2011 మధ్య తయారైన వాటి మీద వచ్చాయి. 3 జీటీలో మొదట వచ్చింది ఇదే కుటుంబపు ఇంజిన్, కాకపోతే తర్వాతి కాలంది. అయినా వెనకవైపు నుంచి గరగర శబ్దం వినిపిస్తే ఆశ వదిలేసుకోండి. చైన్ ధర కంటే దాన్ని చేరుకోవడానికి అయ్యే పనే పెద్దది.

ఇక గేర్‌బాక్స్. దీన్ని తయారుచేసేది జర్మనీకి చెందిన జడ్‌ఎఫ్. ‘ఇందులో ఆయిల్ లైఫ్‌టైమ్, మార్చక్కర్లేదు’ అని చాలామంది చెబుతారు. కానీ 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య లేదా ఎనిమిదేళ్లకోసారి మార్చడం మంచిదని జడ్‌ఎఫ్‌యే సూచిస్తోంది. లక్ష దాటిన కారులో ఈ బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. నడిపేటప్పుడు రివర్స్ నుంచి డ్రైవ్‌లోకి మారడంలో ఆలస్యం, గేర్లు పడేటప్పుడు కుదుపు ఉన్నాయేమో గమనించండి.

టైర్లు చూడండి. ఇవి రన్‌ఫ్లాట్ రకం. పంక్చర్ అయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా దాదాపు 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు. హాయే కానీ, మామూలు టైర్ల కంటే ఖరీదు. పక్కన ముద్రించిన నాలుగంకెలు తయారీ తేదీ. ‘2319’ అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లూ ముసలివైతే కొన్న నెలలోనే పెద్ద బిల్లు సిద్ధం.

ఈ కారుకు వెనక ఓ స్పాయిలర్ ఉంది. వేగం 110 దాటితే దానంతటదే లేస్తుంది. స్విచ్‌తోనూ లేపొచ్చు. పనిచేస్తోందో లేదో చూడండి. కిటికీ అద్దాలు, సీటు మోటార్లు, పార్కింగ్ సెన్సార్లు, ఏసీ... ప్రతి బటనూ నొక్కాల్సిందే. మొహమాటపడొద్దు.

వరద నీళ్లలో మునిగిన కారేమో కూడా తేల్చుకోండి. 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ వరదల్లో ఎన్ని కార్లు మునిగాయో చూశాం కదా! సీటు బెల్టును చివరి వరకూ లాగండి, కింద బురద చార కనిపిస్తుందేమో. సీటు పట్టాలు తుప్పు పట్టాయా, డిక్కీ కార్పెట్ కింద మట్టి పేరుకుందా చూడండి. ముక్కు కూడా వాడండి. సెంటు ఘుమఘుమలాడుతుంటే దేన్నో కప్పిపుచ్చుతున్నారేమో!

మీటర్ చెప్పేది నిజమేనా?

ఇక్కడ మన ఇంజినీరింగ్ చదువు పనికొస్తుంది. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు చిన్న బ్లూటూత్ స్కానర్ తగిలిస్తే ఫోన్‌లోనే ఎర్రర్ కోడ్‌లు కనిపిస్తాయి. కోడ్‌లు ఏమీ లేవని సంబరపడొద్దు. ‘రెడీనెస్ మానిటర్లు’ అనే పేజీ చూడండి. అవి ‘పూర్తి కాలేదు’ అని ఉంటే, మీరు రాకముందే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు.

డ్యాష్‌బోర్డులో కిలోమీటర్లు తగ్గించడం తెలిసినవాళ్లకు పెద్ద పనేం కాదు. కానీ బీఎండబ్ల్యూలో ఆ అంకె ఒక్క చోటే ఉండదు. కారు తాళంలోనూ నమోదవుతుంది, సర్వీస్ సెంటర్‌లో దాన్ని చదివే పరికరం ఉంటుంది. తాళం చెప్పే అంకె, మీటర్ అంకె, పాత బిల్లుల మీద అంకె... మూడూ ఒకే కథ చెప్పాలి.

ఈ పని మీకు ఆసక్తిగా అనిపిస్తే కారు కొనకపోయినా లాభమే. కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ బస్, డయాగ్నస్టిక్ ప్రొటోకాల్స్ మీద పట్టున్నవాళ్లకు ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగాలున్నాయి. ఆ గేర్‌బాక్స్ చేసే జడ్‌ఎఫ్‌కు హైదరాబాద్‌లోనే టెక్నాలజీ సెంటర్ ఉంది. మెర్సిడెస్ బెంజ్ ఆర్ అండ్ డీ కేంద్రం బెంగళూరులో ఉంది. ఇంటర్వ్యూలో ‘ఓ పాత కారు డేటా ఇలా చదివాను’ అని చెప్పగలిగితే రెజ్యూమెలో ఓ లైను బరువు పెరిగినట్టే.

చివరికి ఏం చేయాలి?

ఒక సూటి కొలమానం చెబుతాను. లోన్ లేకుండా కొనగలిగి, కొన్నాక కూడా కారు ధరలో అయిదో వంతు బ్యాంకులో మిగిలి ఉంటే కొనండి. పద్నాలుగు లక్షల కారుకు అది రూ.2.8 లక్షలు. గేర్‌బాక్స్ మొండికేసినా, టైర్లన్నీ ఒకేసారి మార్చాల్సి వచ్చినా నిద్రపట్టేది ఆ డబ్బుతోనే. ఆ రెండూ లేవా? ఇంకా టైమ్ రాలేదంతే. అలాంటి కారులో తిరగాలన్న కోరిక మరీ ఎక్కువైతే, స్నేహితులంతా కలిసి రెండు రోజులు సెల్ఫ్ డ్రైవ్‌కు అద్దెకు తీసుకోండి. అరకు ఘాట్ రోడ్డు ఎక్కి రండి. సరదా తీరుతుంది, ఈఎంఐ ఉండదు.

తొందరేమీ లేదు. మీ జీతం ఏటా పెరుగుతుంది, ఆ కారు ధర ఏటా తగ్గుతుంది. ఈ పోటీలో ఆగినవాళ్లదే గెలుపు.

వెనక్కి వచ్చేయండి... ఇలా ఉంటే!

• ‘ఇవాళే టోకెన్ ఇవ్వాలి, ఇంకొకరు వస్తున్నారు’ అని తొందరపెడితే.
• బయటి మెకానిక్‌తో చూపించుకోవడానికి ఒప్పుకోకపోతే.
• ఆర్సీలోని యజమాని ఎక్కడున్నాడో, ఫోన్ నంబర్ ఏమిటో చెప్పకపోతే.
• సర్వీస్ బిల్లుల్లో రెండు మూడేళ్ల ఖాళీ ఉండి, సరైన జవాబు రాకపోతే.
• రెండో తాళం లేదంటే.
• ధర మరీ తక్కువగా ఉండి, కారణం ఎవరూ చెప్పలేకపోతే.