గొట్టం అమర్చిన కంటికి గృహవైద్యం తగదు

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో అధిమంథమనే నేత్రవ్యాధి వర్ణితమై ఉన్నది. ఆకస్మికంగా తీవ్రమైన నొప్పితో వచ్చే నీటికాసులకూ దీనికీ పోలికలున్నాయి. ఉపేక్షించినచో ఇది కొద్ది రాత్రులలోనే, పిత్తజమైనచో వెనువెంటనే, చూపును హరిస్తుందని ఆచార్యుడు హెచ్చరించాడు. శస్త్రచికిత్స జరిగిన కంటికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

కంటిలో నిరంతరం ఊరే ద్రవం సరిగా వెలుపలికి పోకపోతే పీడనం పెరిగి దృష్టినాడి క్షీణిస్తుంది. చుక్కల మందులకూ, ఇతర చికిత్సలకూ లొంగనప్పుడు సన్నని సిలికాన్ గొట్టాన్ని కంటిలోపలికి చొప్పించి, దానికి అతికి ఉన్న పలకను తెల్లగుడ్డుపై పొర క్రింద అమరుస్తారు. కవాటం గల అహ్మద్ పరికరమూ, కవాటం లేని మధురై అరోల్యాబ్ వారి 'ఆది' పరికరమూ మన దేశంలో వాడుకలో ఉన్నాయి. పోయిన చూపు దీనివలన తిరిగి రాదు. మిగిలిన చూపును నిలుపుకొనుటే దీని ప్రయోజనం.

అనంతరం వచ్చే ఉపద్రవాలు కాలాన్ని బట్టి మారుతాయి. తొలి రోజులలో ద్రవం అధికంగా పోయి పీడనం మరీ పడిపోవచ్చు, చూపు మసకబారుతుంది. కవాటం లేని గొట్టాన్ని కరిగే దారంతో బిగించి ఉంచుతారు. సుమారు ఆరు వారాలకు అది కరిగినప్పుడు కూడా పీడనం హఠాత్తుగా పడిపోవచ్చు. అంతవరకు పాత చుక్కల మందులను వైద్యుడు చెప్పనిదే మానరాదు. ఒకటి మొదలు మూడు నెలల మధ్య, ముఖ్యంగా కవాటం గల పరికరాలలో, పలక చుట్టూ పొర ఏర్పడి పీడనం మళ్లీ పెరగవచ్చు. ఇంతమాత్రాన శస్త్రచికిత్స విఫలమైనదని నిరాశ చెందనక్కరలేదు. మందులతో చాలామందిలో అదుపులోకి వస్తుంది. కొందరికి ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఏళ్లు గడిచిన పిదప నల్లగుడ్డు మసకబారవచ్చు.

అన్నిటికంటే భయంకరమైనది, పైపొర అరిగి గొట్టం బయటపడటం. ఆ దారిన క్రిములు లోపలికి చేరితే కన్నే పోవచ్చు. ఇందుచేతనే తేనె, చనుబాలు, ఆముదం, నందివర్ధనం పూల రసం వంటివేవీ ఆ కంటిలో వేయరాదు. అంజనాలు, నేత్రతర్పణం కూడా నేత్రవైద్యుని అనుమతి లేక చేయించుకొనరాదు. కన్ను నలుపరాదు. శీర్షాసనం కంటి పీడనాన్ని పెంచుతుంది గనుక దానిని విడిచిపెట్టాలి. తొలి వారాలలో బరువులెత్తరాదు. ముక్కవలసి రాకుండా పీచు గల ఆహారంతో మలబద్ధకాన్ని నివారించుకోవాలి.

నొప్పి, ఎరుపు, పుసి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, శస్త్రచికిత్స జరిగి ఎన్నేళ్లయినా సరే, తెల్లవారేదాకా ఆగక నేత్రవైద్యశాలకు వెళ్లండి. ఆ వేళ వంటింటి మందు వెదకుతూ గడిపే ప్రతి గడియా చూపుకే నష్టం.