దోనెలోని తలగడ

ఈ వేసవిలో మా సంఘములోని యౌవనస్థులు వి.బి.ఎస్. పిల్లలకు చూపించుటకు ఒక వీడియో తయారుచేసి మా యొద్దకు తెచ్చారు. కెమెరా లేదు, నటులు లేరు. కావలసినది మాటలలో వ్రాసి ఇస్తే కంప్యూటరే వీడియో చేసి ఇచ్చే రోజులు వచ్చాయి. దీనినే కృత్రిమ మేధ అనీ, ఏ.ఐ. అనీ అంటున్నారు. మనము వ్రాసి ఇచ్చే ఆ మాటలకు ప్రాంప్టు అని పేరు. మా పిల్లలు ఇచ్చిన ప్రాంప్టు ఒక్కటే వాక్యము: యేసు తుఫానును ఆపుచున్నాడు.

వచ్చినదేమిటి? నడిసముద్రములో పెద్ద ఓడ. నీలికళ్ల మనిషి ఒకడు మెరుపుల మధ్య చేతులు చాచి నిలువబడ్డాడు. అంతటితో ఆగక, నోరు తెరచి నాలుగు మాటలు మాటలాడాడు. ఆ మాటలు ఏ సువార్తలోను లేవు. మందిరములో కూర్చుని చూస్తున్న ఒక అవ్వ ఫోనుకు రెండు చేతులు జోడించి, "ప్రభువు గొంతు ఇట్లా ఉంటుందా అయ్యగారూ?" అని అడిగినది. ఆమెకు ఏమి చెప్పాలో మాకు వెంటనే తోచలేదు.

1978లో కరుణామయుడు చిత్రము వచ్చిన తరువాత మన గ్రామములలో ఎందరికో యేసు అనగానే విజయచందర్ గారి ముఖమే జ్ఞాపకము వచ్చేది. అయినను ఆయన నటుడని అందరికి తెలుసు. ఇప్పుడు వచ్చిన మనిషి ఎవడు? 2024 ఫిబ్రవరిలో ఓపెన్ ఏ.ఐ. సంస్థ సోరాను చూపించినప్పుడు ఆ బొమ్మలు మూగవి. 2025 మే నెలలో గూగుల్ సంస్థ వియో 3ను విడుదల చేసినప్పుడు 8 సెకన్ల ముక్కలోనే గాలి హోరు, మనిషి మాట కూడ కలిసి వచ్చాయి. ఎవరు ఏమి పలకాలో మనము వ్రాయకపోతే యంత్రమే ఏదో ఒకటి కల్పించి పలికించవచ్చు.

ఇందులో యంత్రమునకు దురుద్దేశము లేదు. లెక్కలేనన్ని బొమ్మలు, వీడియోలు చూపించి దానికి నేర్పారు. మనము చెప్పని చోట, అది ఎక్కువగా చూచినదానినే తెచ్చి పెడుతుంది. అందుకే ఏదెను తోటలో పండు అంటే ఆపిల్ వస్తుంది. జ్ఞానులు అంటే పశువులపాక యెదుట ముగ్గురు వస్తారు. మత్తయి వారు ముగ్గురని చెప్పలేదు, వారు ఇంటిలోనికి వచ్చిరని 2వ అధ్యాయములో ఉన్నది. నిజము చెప్పాలంటే, మన క్రిస్మస్ నాటకములలో కూడ ఆ ముగ్గురు పాకకే వస్తారు!

ఆ వీడియోను పక్కన పెట్టించి, మార్కు సువార్త 4వ అధ్యాయము చివరి ఏడు వచనములు పిల్లలచేత మూడుసార్లు చదివించాము. కంటికి కనబడేది, చెవికి వినబడేది ఏదైతే ఉన్నదో అది మాత్రమే నోటు పుస్తకములో వ్రాయుమన్నాము. మేమే ఆశ్చర్యపోయాము. సాయంకాలము అని ఉన్నది. వెంట వేరే దోనెలు కూడ ఉన్నవి. అలలు కొట్టగా నీళ్లు దోనెలోనికి వస్తున్నవి. యేసు నిలువబడి లేడు, అమరమున, అనగా వెనుకభాగమున, తలగడ మీద నిద్రపోతున్నాడు. తలగడ సంగతి వ్రాసినది మార్కు ఒక్కడే. దోనెలో ఎందరున్నారో లెక్క చెప్పలేదు గనుక "పన్నెండుమంది" అని వ్రాసిన మాటను కొట్టివేయించాము.

దోనె ఎంతది? 1986లో కరువు వచ్చి గలిలయ సరస్సు నీరు తగ్గినప్పుడు, గిన్నోసరు దగ్గర బురదలో మొదటి శతాబ్దపు కాలపు పడవ ఒకటి బయటపడినది. పొడవు 8 మీటర్లకు కొంచెము ఎక్కువ, వెడల్పు 2.3 మీటర్లు. ఓడ కాదు, మన తీరములోని చేపల పడవవంటిదే. ఆ సరస్సు సముద్రమట్టమునకు సుమారు 200 మీటర్లు దిగువన, కొండల నడుమ ఉన్నది. కొండల మీదనుండి గాలి ఒక్కసారిగా దిగి నీటిని రేపుతుంది.

ఇప్పుడు ప్రాంప్టు ఇట్లు మారినది: "చీకటి పడుచున్న వేళ. చుట్టును కొండలున్న సరస్సు. ఎనిమిది మీటర్ల పాత చెక్కదోనె, అంచు దాటి నీళ్లు లోనికి వస్తున్నవి. వెనుకభాగమున గోధుమరంగు ముతక వస్త్రము కట్టిన యూదుడు తలగడ మీద నిద్రిస్తున్నాడు, ముఖము అవతలివైపునకు తిరిగి ఉన్నది. కెమెరా దోనె ముందునుండి మెల్లగా వెనుకకు కదులుతుంది. గాలి, అలల శబ్దము మాత్రమే. ఎవరును మాటలాడరు." మొదట తెలుగులో వ్రాసి, తరువాత ఇంగ్లీషులోనికి మార్చి ఇచ్చాము, మాకు అట్లా ఇచ్చినదే మేలుగా వచ్చినది.

ఒక ముక్కకు ఒకే క్రియ ఉండాలి. నిద్ర, లేపుట, గద్దించుట మూడును ఎనిమిది సెకన్లలో ఇరికిస్తే మూడును చెడిపోతాయి. ప్రతి ముక్కను యంత్రము క్రొత్తగా మొదలుపెడుతుంది గనుక దోనె వర్ణన, బట్టల వర్ణన అక్షరము మార్చక మరల మరల వ్రాయాలి. లేకపోతే రెండవ ముక్కలో దోనె రంగు మారిపోతుంది. "మెరుపులు వద్దు" అని వ్రాస్తే మెరుపులే వచ్చాయి, "నల్లని మబ్బు పట్టిన ఆకాశము" అని వ్రాసిన తరువాత పోయాయి. ఇంకొకటి, "శిష్యులు భయపడ్డారు" అంటే దానికి సరిగా తెలియదు. దోనె అంచును పట్టుకొన్న చేతులు, మోకాళ్లవరకు నీళ్లు, వెనుకకు తిరిగి చూచే కళ్లు అని వ్రాయాలి. భయము దానంతట అదే కనబడుతుంది.

ప్రభువు పలికిన మాటను మాత్రము యంత్రముచేత పలికించలేదు. బొమ్మను ఆపి, సండేస్కూలు పిల్ల ఒకతె బైబిలు తెరచి చదివినది. మొదటనే "ఇది కంప్యూటరు చేసిన బొమ్మ" అని పెద్ద అక్షరములతో వేయించాము. ఆ అవ్వకు చదువు రాదు గనుక పక్కన కూర్చుని మేమే చెప్పాము.

అంతా బాగున్నదనుకొని, వేటకు వెళ్లే మా సంఘపెద్దకు చూపించాము. ఆయన రెండుసార్లు చూచి, "అయ్యగారూ, ఇంత గాలిలో తెరచాప ఎత్తి ఉంచుతారా ఎవరైనా? ముందు చాప దించేస్తారు, లేకపోతే పడవ తిరగబడిపోద్ది" అన్నాడు. పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. "దించి కట్టిన తెరచాప" అని మూడు మాటలు చేర్చి, ఆరు ముక్కలను మొదటినుండి మరల చేశారు.