అరకు ఘాట్ ఎక్కే ముందు హ్యాండ్ బ్రేక్ చూసుకున్నారా?

చలికాలం వస్తే విశాఖ నుంచి అరకుకు ఫ్యామిలీ కార్లు వరస కడతాయి. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర కారు ఆపి అందరూ ఫొటోలకు దిగుతారు. దాదీ మాత్రం వెనక సీట్లోనే ఉంటారు. ఆ వాలులో కారును పట్టి ఉంచాల్సింది హ్యాండ్ బ్రేకే.

మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ బ్రేకులే. లివర్ లాగితే కేబుల్ బిగుసుకుని, లోపలి రెండు షూలు విచ్చుకుని డ్రమ్‌ను పట్టుకుంటాయి. కాలి బ్రేక్ తొక్కినా పనిచేసేది అవే. కాబట్టి అరుగుతాయి. అరిగేకొద్దీ లివర్ ఇంకా పైకి లాగాల్సి వస్తుంది.

ఇక్కడే పొరపాటు జరుగుతోంది. షెడ్డుకెళ్లి "కొంచెం టైట్ చెయ్ భాయ్" అంటారు. మెకానిక్ కేబుల్ నట్ బిగించి పంపేస్తాడు. లివర్ గట్టిపడుతుంది, అరిగిన షూ మాత్రం అలాగే ఉంటుంది. అతిగా బిగిస్తే షూ డ్రమ్‌కు రాసుకుని వేడెక్కుతుంది కూడా.

సరైన వరస ఇది:

1. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలి, వెనక చక్రాలు, డ్రమ్ములు విప్పాలి. లోపలి దుమ్మును ఊదకూడదు, పీల్చితే ప్రమాదం. బ్రేక్ క్లీనర్‌తో కడగాలి.

2. లైనింగ్ మాన్యువల్‌లో చెప్పిన మందం కంటే తగ్గినా, నూనె పట్టినా షూలు మార్చాలి. ఒకవైపే కాదు, రెండువైపులా. స్ప్రింగులు సాగాయేమో చూడాలి.

3. డ్రమ్ ఎక్కించి, చక్రం చేత్తో తిరిగేలా అడ్జస్టర్ సరిచేయాలి. సన్నగా రాసుకోవచ్చు, పట్టేయకూడదు. కాలి బ్రేక్ కొన్నిసార్లు తొక్కాలి.

4. కేబుల్ బిగింపు ఆఖర్న. లివర్ ఎన్ని క్లిక్కులకు పట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది.

వెనక డిస్క్ ఉన్న కొన్ని బండ్లలో డిస్క్ మధ్యలోనే పార్కింగ్‌కు వేరే చిన్న షూలుంటాయి. బటన్ బ్రేక్ ఉన్న కార్లను సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

అన్నీ బాగున్నా, వాలులో హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్మొద్దు. మాన్యువల్ గేర్ బండి ముందుభాగం ఎక్కువైపు ఉంటే ఫస్ట్ గేర్, దిగువైపు ఉంటే రివర్స్ వేయండి. చక్రానికి రాయి పెట్టడం నామోషీ కాదు. బయల్దేరేటప్పుడు ఆ రాయిని రోడ్డు పక్కకు తీసేయండి.

ఈసారి షెడ్డుకెళ్తే "టైట్ చెయ్" అనకండి. "డ్రమ్ విప్పి చూపించు భాయ్" అనండి.