నేటాల్ తోటల్లో తెలుగు ఆదివారం

సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల్లో పాస్నెట్ దొర పేరు వినని క్రైస్తవ కుటుంబం అరుదు. ఇంగ్లండు నుంచి వచ్చి మెదక్‌లో స్థిరపడి, కరువు రోజుల్లో జనానికి పని చూపిస్తూ అంత పెద్ద చర్చి కట్టించిన మనిషి. 1924 డిసెంబరు 25న ఆ చర్చిని ప్రతిష్ఠించారు. ఇప్పటికీ క్రిస్మస్ వచ్చిందంటే సిద్దిపేట నుంచి మెదక్‌కు వెళ్లే బస్సులు కిక్కిరిసిపోతాయి. సీమ నుంచి వచ్చిన మిషనరీల గురించి మన దగ్గర పుస్తకాలున్నాయి, సమాధుల మీద పేర్లున్నాయి. తెలుగు నేల నుంచి భార్యాబిడ్డలతో ఓడెక్కి, పరాయి దేశంలో సంఘం కట్టిన తెలుగు కాపరి కథ మాత్రం ఇక్కడ చాలామందికి తెలియదు.

ఆయన పేరు జాన్ రంగయ్య. 1866లో నెల్లూరులో పుట్టాడు. మిషన్ బడిలో పంతులుగా పనిచేశాడు. 1903లో కుటుంబాన్ని వెంటబెట్టుకుని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు బయలుదేరాడు. ఆయన్ను పంపింది అమెరికా దొరల మిషన్ కాదు, తెలుగు బాప్టిస్టు సంఘాలు సొంతంగా పెట్టుకున్న హోమ్ మిషనరీ సొసైటీ. ఆ సంఘాల్లో ఎక్కువమంది నిరుపేదలు, మాదిగ పల్లెల జనం. 1876-78 ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వి ప్రాణాలు నిలుపుకున్నవాళ్లు అందులో ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందింది ఆ సంఘాలున్న ఒంగోలు ప్రాంతంలోనే. పాతికేళ్లు తిరక్కుండానే ఆ సంఘాలు సముద్రం దాటించి ఒక కాపరిని పంపగలిగాయి. ఆ రోజుల్లో భారతీయ సంఘాలు విదేశానికి మిషనరీని పంపడం చాలా అరుదు.

పంపాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే గిర్మిట్ కూలీల, అంటే ఒప్పందం మీద ఓడెక్కిన కూలీల, సంగతి తెలియాలి.

నేటాల్‌లో తెల్లవాళ్ల చెరకు తోటలకు పనివాళ్లు కావలసివచ్చారు. మద్రాసు నుంచి 342 మందితో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా యాభై రెండు వేల మందికి పైగా అలా వెళ్లారు. ఎక్కువమంది మద్రాసులోనే ఓడ ఎక్కారు. తమిళులతోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఎక్కేముందు ఒక్కొక్కరికీ ఒక నంబరు వేసి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ రాసుకునేవారు. తోటలో దిగాక జీతం చీటీ దగ్గర్నుంచి పెళ్లి కాగితం దాకా ఆ నంబరే మనిషికి గుర్తు.

ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏడాదికొక షిల్లింగు చొప్పున పెంపు. తిండికి బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, ఎండుచేప యజమాని ఇవ్వాలి. బియ్యానికి బదులు మొక్కజొన్న పిండి కొలిచి పోయడమూ ఉండేది. ప్రతి వందమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లను పంపాలని నిబంధన. అందుకే భార్యాభర్తలు కలిసి వెళ్లిన సందర్భాలు చాలా ఉన్నాయి. తోటలో ఇద్దరూ కూలీలే. రేకుల పాకల్లో ఒకే వరసలో ఇరవై కుటుంబాలున్నా, తెల్లారకముందే లేచి వంట చేసి, బిడ్డను చంకనేసుకుని పనికి పోవలసింది మాత్రం ఆడమనిషే.

1895 చట్టంతో బతుకు ఇంకా బరువైంది. ఒప్పందం ముగిశాక తిరిగి రాకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా నేటాల్‌లోనే ఉండాలనుకుంటే మనిషికి ఏడాదికి మూడు పౌన్లు పన్ను కట్టాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ కలిపి ఆరు పౌన్లు. నెలకు పది షిల్లింగులంటే పన్నెండు నెలలకు సరిగ్గా ఆరు పౌన్లు! అంటే మొదటి ఏడు ఒకరు చెమటోడ్చి సంపాదించినంత డబ్బు దంపతులు ఏటేటా పన్నుగానే కట్టాలి. కాపురం పెట్టి నిలదొక్కుకుందామనుకున్నవాళ్ల మెడ మీద కత్తి అది. 1913లో గాంధీ నడిపిన సమ్మెలో బొగ్గుగనుల వాళ్లు, తోటల వాళ్లు వేలమంది ఆ పన్ను రద్దు కోసమే పని మానేశారు.

ఇలాంటి చోటికి నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి బాప్తిస్మం తీసుకున్న కుటుంబాలు కూడా చేరాయి. వాళ్లకు అక్కడ చర్చీలు కనబడకపోలేదు. కానీ ఆరాధన వాళ్ల భాషలో జరిగేది కాదు. బిడ్డకు పేరు పెట్టాలన్నా, పెళ్లి చేయాలన్నా, చనిపోయినవాళ్లను సాగనంపాలన్నా తెలుగులో ప్రార్థన చేసే మనిషి లేడు. మాకొక కాపరిని పంపండని వాళ్లు సొంతూరి సంఘాలకు మొరపెట్టుకున్నారు. రంగయ్య కుటుంబం వెళ్లింది ఆ మొర విని.

దిగిన చోటు కియర్స్‌నీ. స్టేంజర్ పట్టణానికి దగ్గర్లో జేమ్స్ లీజ్ హ్యులెట్ అనే పెద్ద తోటదారు తేయాకు ఎస్టేటు అది. హ్యులెట్ మెథడిస్టు, స్వయంగా ప్రసంగాలు చేసేవాడు. తేయాకు కోతకు ఓపిక, వేళ్ల నేర్పు కావాలి. లేత చిగురు చూసి రెండాకులు, ఒక మొగ్గ తుంచి బుట్టలో వేయాలి. అలాంటి తోటలో కూలీల మధ్యకు రంగయ్య కుటుంబం చేరింది. 1903 డిసెంబరు 27న, క్రిస్మస్ అయిన రెండు రోజులకు, అక్కడ మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఓడ దిగిన ఏడాదిలోనే ఇది జరిగిందంటే, ఆ కూలీలు ఎంతగా ఎదురుచూశారో ఊహించుకోవచ్చు.

రంగయ్య పని ప్రసంగంతో ఆగలేదు. పిల్లలకు బడి నడిపాడు. చెరకు తోటలున్న తీరం వెంబడి ఊరూరా తిరిగి కూడికలు పెట్టాడు. ఒక ఎస్టేటు ఒప్పందం ముగిసిన కుటుంబం మరోచోటికి కదిలితే అక్కడొక చిన్న సంఘం మొదలయ్యేది. ఆయన బతికుండగానే ఆ సంఘాలన్నీ కలిసి సమాఖ్యగా నిలబడ్డాయి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు పిలుపు అందుకున్న కొద్దిమంది ఆసియావాసుల్లో ఆయన ఒకడు. పన్నెండేళ్లు పనిచేసి 1915లో, యాభై నిండకుండానే కన్నుమూశాడు.

కాపురాల విషయంలో సంఘం ఎంత అక్కరకొచ్చేదో ఒక కోర్టు తీర్పు చూస్తే తెలుస్తుంది. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్లిళ్లు దక్షిణాఫ్రికాలో చెల్లవని 1913 మార్చిలో కేప్ న్యాయస్థానంలో జస్టిస్ సెర్ల్ తీర్పు ఇచ్చాడు. దాంతో వేలాది హిందూ, ముస్లిం భార్యలు ఒక్కరోజులో హక్కులేనివాళ్లయిపోయారు. కస్తూర్బా జైలుకు వెళ్లడానికి నిప్పు రాజుకుంది అక్కడే. పాదిరి చేతి మీదుగా పెళ్లయిన తెలుగు క్రైస్తవ జంటకు ఆ గండం లేదు. పక్క పాకలోని హిందూ జంటకు మాత్రం ఉంది. అన్యాయం అంటే అదే. 1914 చట్టం ఆ తీర్పునూ, మూడు పౌన్ల పన్నునూ తొలగించింది.

ఇప్పుడు కియర్స్‌నీలో తేయాకు లేదు, చెరకు ఉంది. ఆ సంఘాల మనవలు, మునిమనవలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఆరాధిస్తున్నారు. 1931లో డర్బన్‌లో పుట్టిన ఆంధ్ర మహాసభ తెలుగును బతికించడానికి పాటుపడుతూనే ఉంది.

ఈ కథ సిద్దిపేటకు ఎందుకు? ఈ జిల్లా పల్లెల్లో గల్ఫ్‌కు పోయినవాడు లేని వీధి చూపించడం కష్టం. అప్పటి నిబంధన మొగవాళ్లతోపాటు ఆడవాళ్లూ రావాలంది. ఇప్పటి నిబంధన భార్యను ఇంటి దగ్గరే ఉంచుతోంది. యూఏఈలో ఫ్యామిలీ వీసా కావాలంటే నెలకు నాలుగు వేల దిర్హాంలు, లేదా మూడు వేలతోపాటు కంపెనీ వసతి ఉండాలి. మేస్త్రీ పనికీ, క్లీనింగ్ పనికీ పోయినవాడికి అంత జీతం ఎక్కడిది? అందుకే దంపతులుగా అక్కడ కాపురం పెట్టగలిగేవాళ్లు తక్కువ. భార్య నర్సయిన ఇళ్లూ, ఆఫీసు ఉద్యోగాల ఇళ్లూ అలాంటి కాపురాల్లో ముందుంటాయి. మిగిలినవాళ్లకు సంసారమంతా వీడియో కాల్‌లోనే.

ఉన్న కొద్దిమంది దంపతుల చుట్టూనే తెలుగు కూడికలు అల్లుకుంటాయి. కువైట్ నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషల ఆరాధనలు వంతులవారీగా జరుగుతాయి, తెలుగు అందులో ఒకటి. అక్కడ శుక్రవారమే సెలవు కాబట్టి శుక్రవారమే ఆదివారం. యూఏఈలో 2022 జనవరి నుంచి వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారింది. సౌదీలో బహిరంగంగా చర్చి పెట్టే వీలే లేదు. కూడిక ముగిశాక కాపురం ఉన్న ఇంట్లో పప్పు, పచ్చిపులుసు వండితే క్యాంపు కుర్రాళ్లకు ఆ రోజే పండగ. ఉద్యోగం పోయినవాడికి టికెట్ డబ్బులు పోగుచేసేదీ, చనిపోయినవాడి శవం ఇంటికి చేర్చే కాగితాల కోసం తిరిగేదీ ఈ కూడికల వాళ్లే. ఆ సేవ ఎవరూ లెక్క రాయరు. రాయకపోవడం పెద్ద నష్టం.

నేటాల్ కూలీల ఓడ జాబితాలు దక్షిణాఫ్రికాలో భద్రంగా ఉన్నాయి, వాటిని కంప్యూటర్లలోకి ఎక్కించారు. నూరేళ్ల తర్వాత కూడా మునిమనవడు తన ముత్తాత ఊరి పేరు వెతికి పట్టుకోగలుగుతున్నాడు. దుబాయిలోనో కువైట్‌లోనో మొదటి తెలుగు కూడిక ఎవరింట్లో మొదలైందో, ఏ ఏడాదో, అందులో సిద్దిపేట, దుబ్బాక, గజ్వేల్ వాళ్లు ఎవరెవరున్నారో చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే ఈ క్రిస్మస్ సెలవుల్లోనే దగ్గర కూర్చుని పేర్లు, సంవత్సరాలు, ఊళ్లు ఒక నోట్‌బుక్‌లో రాయించండి. పాత ఉత్తరాలు, ఫొటోలు పారేయకండి. ఒక ప్రతి మీ సంఘం కాపరికి ఇవ్వండి.