కళ్లు తిరిగితే తప్పు మెడదేనా?

తెల్లవారుజామున పక్క మీద ఎడమ నుంచి కుడికి ఒత్తిగిలారు. అంతే, గది గిర్రున తిరిగిపోయింది. ఫ్యాను, బీరువా, కిటికీ అన్నీ మీ చుట్టూ పరుగెడుతున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుని మంచం పట్టుకున్నారు. అర నిమిషంలో తగ్గింది గానీ వికారం, గుండె దడ మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ‘బీపీ పడిపోయి ఉంటుంది’ అని ఒకరు ఉప్పేసిన మజ్జిగ ఇస్తారు. ‘రక్తం తక్కువైంది’ అంటారు ఇంకొకరు. పెద్దవాళ్లయితే ‘పైత్యం’ అని తేల్చేస్తారు. మెడకు ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు అరిగాయని వస్తుంది. యాభై దాటిన వారిలో చాలామందికి ఎంతో కొంత అరుగుదల ఉండనే ఉంటుంది మరి! మెడకు పట్టీ వేసి, మాత్రలు మొదలుపెడతారు. నెలలు గడుస్తాయి. ఒత్తిగిలినప్పుడల్లా గది తిరుగుతూనే ఉంటుంది. చివరికి ఎక్కడ పడిపోతానోనన్న భయంతో అమ్మ గుడికి వెళ్లటం మానేస్తుంది. నాన్న స్కూటరు తీయటం మానేస్తారు.

ఇలా పక్క మీద తిరిగితే కొద్ది క్షణాలు మాత్రమే గది తిరిగే సమస్యకు మూలం చాలాసార్లు మెడలో కాదు, లోపలి చెవిలో ఉంటుంది. దాన్ని పరీక్ష బల్ల మీదే, పది పదిహేను నిమిషాల్లో సరిచేసే వీలుంది.

చెవిలో దారి తప్పిన రేణువులు

మన లోపలి చెవిలో అతి సూక్ష్మమైన సున్నపు రేణువులుంటాయి. తల ఎటు వంగిందో మెదడుకు తెలియజెయ్యటంలో ఇవి సాయపడతాయి. వయసు వల్లో, తలకు దెబ్బ తగలటం వల్లో, ఒక్కోసారి కారణమే లేకుండానో ఇవి ఊడి, పక్కనే ద్రవంతో నిండి ఉండే అర్ధచంద్రాకార గొట్టాల్లోకి జారిపోతాయి. అప్పటి నుంచి తల కదిలినప్పుడల్లా అవి దొర్లుతూ ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా ఇంకా తిరుగుతూనే ఉందని మెదడు పొరబడుతుంది. దీన్నే వైద్యులు బీపీపీవీ అంటారు. పడుకోబోతుంటే, అటక మీది డబ్బా కోసం తల పైకెత్తితే, షాంపూ కోసం తల వెనక్కి వంచితే రావటం దీని తీరు. సాధారణంగా నిమిషం దాటదు. వినికిడి తగ్గదు.

దీన్ని పట్టుకునే పరీక్షను డిక్స్, హాల్‌పైక్ అనే వైద్యులు 1952లోనే వివరించారు. మిమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి కళ్లనే గమనిస్తారు. రేణువులు జారిన వైపు పడుకున్నప్పుడు కళ్లు ఒక ప్రత్యేకమైన తీరులో కొట్టుకుంటాయి. ఇక తలను వరసగా నాలుగైదు భంగిమల్లో తిప్పుతూ ఆ రేణువుల్ని తిరిగి స్వస్థానానికి చేర్చటమే చికిత్స. అమెరికాకు చెందిన చెవి వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించిన విధానమిది. తల తిప్పితే జబ్బు పోతుందంటే మొదట్లో తోటి వైద్యులే నమ్మలేదు! ఇప్పుడు ప్రపంచమంతటా ఇదే తొలి చికిత్స. స్కానింగుల్లో ఈ రేణువులు కనబడవు. కాబట్టి పడుకోబెట్టి చూడకుండానే ఎమ్మారై రాస్తే, ‘ఆ పడుకోబెట్టి చేసే పరీక్ష ఒకసారి చేస్తారా?’ అని అడగటంలో తప్పేం లేదు. అయితే మెడ, వెన్ను సమస్యలుంటే ముందే చెప్పండి. ఏ చెవిలో సమస్యో తేలకుండా వీడియోలు చూసి సొంతంగా మాత్రం చేసుకోవద్దు.

గడియారం చెప్పే కబురు

కళ్లు తిరగటం, తల దిమ్ము, తూలు... మనం అన్నిటికీ ఒకే మాట వాడేస్తాం. వైద్యులకు అసలు కావాల్సింది ఎంతసేపు ఉంది, ఏం చేస్తే వచ్చింది, చెవిలో తేడా ఏమైనా ఉందా అన్నవి. ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల పాటు తిరుగుతూ, అదే సమయంలో ఒక చెవి దిబ్బడేసి, హోరు పెట్టి, వినికిడి తగ్గుతూ పెరుగుతూ ఉంటే మినియర్స్ జబ్బేమో చూస్తారు. ఆడియోమెట్రీ చేయించకుండా దీన్ని నిర్ధారించలేరు. దీనిలో చాలామందికి ఉప్పు తగ్గించమని చెబుతారు, కాబట్టి ఆవకాయ, అప్పడాల మీద కాస్త అదుపు తప్పదు. వెలుతురు, శబ్దం భరించలేకపోతుంటే, గతంలో పార్శ్వపు నొప్పి ఉండి ఉంటే అది మైగ్రేన్ తాలూకు తిప్పుడు కావచ్చు. తలనొప్పి లేకుండానూ ఇది రావచ్చు. మంచం దిగి లేచి నిలబడినప్పుడే కళ్లు చీకట్లు కమ్ముతుంటే పడుకోబెట్టీ, నిలబెట్టీ రెండుసార్లు బీపీ చూడాలి.

తిప్పుడుతో పాటు మాట తడబడటం, ఒకటి రెండుగా కనబడటం, మూతి వంకర, చెయ్యి పట్టు తప్పటం, అసలు నిలబడలేకపోవటం, ఎన్నడూ లేనంత తలనొప్పి వంటివి ఉంటే మాత్రం పక్షవాతంగా భావించి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మెదడు వెనక భాగంలో వచ్చే పక్షవాతం తొలి గంటల్లో సీటీ స్కాన్‌లో కనబడకపోవచ్చు. స్కాన్ బాగుందని ఇంటికి వచ్చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.

రాత్రికి రాత్రే చెవి వినబడకపోతే

నిద్ర లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టుంటే గుబిలి అనో, జలుబనో చుక్కల మందు వేసుకుని వారం చూద్దామనుకుంటారు. చాలామంది విలువైన సమయం పోగొట్టుకునేది ఇక్కడే. అది నరానికి సంబంధించిన వినికిడి లోపమైతే స్టిరాయిడ్ చికిత్సను ఎంత త్వరగా, వీలైతే మొదటి కొద్ది రోజుల్లోనే మొదలుపెడితే అంత మంచిది. రెండు వారాలు దాటితే ఫలితం మీద ఆశ బాగా తగ్గిపోతుంది. ఇంట్లో ఒక చిన్న సూచన చూడొచ్చు. నోరు మూసుకుని ‘మ్‌...’ అని గట్టిగా కూనిరాగం తీయండి. మూసుకుపోయిన చెవిలోనే ఎక్కువగా మోగితే గుబిలి వంటి అడ్డంకి కావచ్చు. బాగున్న చెవిలో మోగితే నరం అనుమానించాలి. ఏది మోగినా మర్నాటి లోపు ఈఎన్‌టీ డాక్టరును కలవాల్సిందే. ఒక్క చెవిలోనే వినికిడి మెల్లమెల్లగా తగ్గుతూ, హోరు ఉంటే వినికిడి నరం మీద కణితి లేదని నిర్ధారించుకోవటానికి ఎమ్మారై చేస్తారు. అక్కడ స్కాన్ నిజంగా అవసరం.

ఆ మాత్రలు ఎన్నాళ్లు?

ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్ వంటివి తీవ్రమైన తిప్పుడు, వాంతులను ఆపటానికి రెండు మూడు రోజులు బాగానే పనిచేస్తాయి. కానీ పాత చీటీ చూపించి మందుల షాపులో నెలల తరబడి కొనుక్కుంటే మెదడు కొత్త పరిస్థితికి అలవాటు పడే సహజ ప్రక్రియకే అడ్డు తగులుతాయి. పెద్దవయసు వారిలో చేతుల వణుకు, నడక మందగించటం వంటి పార్కిన్సన్స్ లక్షణాలూ తెచ్చిపెట్టొచ్చు. ఇంట్లో ఎవరైనా ఏడాదిగా వాడుతుంటే ఒకసారి డాక్టరుకు చూపించండి.

వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, పాత ఆడియోమెట్రీ కాగితాలూ తీసుకెళ్లండి. గతంలో క్షయకు ఇంజెక్షన్లు చేయించుకుని ఉంటే తప్పక చెప్పండి, వాటిలో కొన్ని చెవిని దెబ్బతీస్తాయి. మరో పని కూడా చేయొచ్చు. ఈసారి తిప్పుడు వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లను ఫోన్లో మీ కళ్లను దగ్గరగా, అర నిమిషం పాటు వీడియో తియ్యమనండి. ఆసుపత్రికి వెళ్లేసరికి తిప్పుడు తగ్గిపోయినా కళ్లు ఎటు కొట్టుకున్నాయో డాక్టరు అందులో చూస్తారు.