పదవీ విరమణానంతరం తిరిగి ప్రభుత్వ కొలువు : మాజీ సైనికులు, విశ్రాంత పోలీసులు తెలుసుకోవలసిన నిబంధనలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో అనేక కుటుంబాలకు సైన్యం, పోలీసు శాఖలే జీవనాధారం. విజయనగరంలోని పోలీసు శిక్షణ కళాశాల, చింతలవలసలోని ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక పోలీసు 5వ పటాలం, కోరుకొండ సైనిక పాఠశాల ఈ అనుబంధానికి నిదర్శనాలు. సైనికుడు పదిహేను, పదిహేడేళ్ల సేవ ముగించుకొని నడివయస్సు రాకముందే ఇంటికి చేరుకుంటాడు. పిల్లల చదువులు, ఇంటి బాధ్యతలు అప్పుడే మొదలవుతాయి. పోలీసు ఉద్యోగి 62వ ఏట విరమిస్తాడు. ఇరువురూ తిరిగి ప్రభుత్వ సేవలో చేరే అవకాశం ఉన్నది. అయితే ఇరువురి మార్గాలు వేరు, పింఛనుపై వాటి ప్రభావమూ వేరు. ఈ భేదం గుర్తించని పక్షంలో అధికంగా పొందిన సొమ్మును తిరిగి చెల్లించవలసి వస్తుంది.

మాజీ సైనికులది కొత్త నియామకం

మాజీ సైనికుడు ప్రభుత్వ ఉద్యోగంలో చేరడం కొత్త నియామకమే. రాష్ట్ర ప్రభుత్వ ప్రత్యక్ష నియామకాలలో, 1996 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల ప్రకారం వీరికి 2 శాతం రిజర్వేషన్ కల్పించబడింది. గరిష్ఠ వయోపరిమితిని లెక్కించేటప్పుడు సైన్యంలో చేసిన సేవాకాలాన్ని, దానికి అదనంగా 3 సంవత్సరాలను అభ్యర్థి వయస్సు నుంచి తగ్గిస్తారు. ఉదాహరణకు 17 ఏళ్లు సైన్యంలో పనిచేసిన 45 ఏళ్ల వ్యక్తి ఈ లెక్కలో 25 ఏళ్ల వానిగా పరిగణింపబడతాడు. సైన్యం నుంచి వచ్చిన వెంటనే డిశ్చార్జి పుస్తకంతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవడం శ్రేయస్కరం.

కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి ఉద్యోగాలలో వీరికి 10 శాతం రిజర్వేషన్ ఉన్నది. 1986లో జారీ అయిన కేంద్ర ఉత్తర్వుల మేరకు, 55 ఏళ్లలోపు విరమించి కేంద్ర కొలువులో చేరిన, కమిషన్డ్ అధికారి హోదాకు దిగువనున్న సైనికుల విషయంలో కొత్త వేతన నిర్ణయానికి సైనిక పింఛను పూర్తిగా మినహాయించబడుతుంది. అనగా కొత్త వేతనం, పాత పింఛను రెండూ లభిస్తాయి.

పోలీసు, అగ్నిమాపక ఉద్యోగులది పునర్నియామకం

రాష్ట్ర ఉద్యోగుల విరమణ వయస్సు 1984 చట్టం ప్రకారం 58 ఏళ్లుగా ఉండేది. అది 2014 జూన్ 2 నుంచి 60 ఏళ్లకు, 2022 జనవరి 1 నుంచి 62 ఏళ్లకు పెంచబడింది. ఆ వయస్సు నిండిన పిమ్మట తిరిగి విధులలోకి తీసుకోవడం ఉద్యోగి హక్కు కాదు. ప్రజాప్రయోజనం దృష్ట్యా, నిర్ణీత కాలానికి ప్రభుత్వం జారీ చేసే ఉత్తర్వు దానికి ఆధారం.

గతంలో ఒక పర్యాయం విరమించినవారు హక్కుగా తిరిగి వచ్చిన సందర్భం ఉన్నది. 1983 ఫిబ్రవరిలో విరమణ వయస్సు 55కు తగ్గించబడి, 1984 ఆగస్టులో తిరిగి 58 అయింది. ఆ నడుమ ఇంటికి పంపబడిన వారిలో ఇంకా 58 ఏళ్లు నిండని వారిని విధులలోకి తీసుకోవాలని 1985లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అది పాత సేవకు కొనసాగింపు మాత్రమే, పునర్నియామకం కాదు.

పునర్నియామకంలో వేతనం, పింఛను కలిపి చివరి వేతనాన్ని మించరాదన్నది సాధారణ సూత్రం. పింఛనులో కొంత భాగాన్ని కమ్యూట్ చేసి ఒకేసారి సొమ్ము పొందినవారు ఇక్కడ పొరబడుతుంటారు. ఉదాహరణకు చివరి వేతనం 60,000 రూపాయలు, పూర్తి పింఛను 30,000 రూపాయలు అనుకుందాం. కమ్యూటేషన్ పోగా నెలనెలా చేతికందేది 18,000 రూపాయలే కావచ్చు. అయినను లెక్కలోకి వచ్చేది 30,000 రూపాయలే. కనుక కొత్త వేతనం 42,000 రూపాయలు కాదు, 30,000 రూపాయలు. గౌరవ వేతనంపై ఒప్పంద ప్రాతిపదికన తీసుకున్న పక్షంలో ఆ ఒప్పందపు షరతులు వర్తిస్తాయి.

ఎన్నికల బందోబస్తు వంటి సందర్భాలలో మాజీ సైనికులను, విశ్రాంత పోలీసులను ప్రత్యేక పోలీసు అధికారులుగా వినియోగించుకోవడం కూడా ఉన్నది. అది కొద్దిరోజుల సేవ మాత్రమే, దానివల్ల ఉద్యోగ హక్కు సంక్రమించదు.

తెలియజేయడం తప్పనిసరి

ఏ మార్గంలో చేరినప్పటికీ ఆ విషయాన్ని పింఛను చెల్లించే ఖజానా కార్యాలయానికి గాని, బ్యాంకుకు గాని, సైనిక పింఛను అధికారులకు గాని లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. ఏటా సమర్పించే జీవన ధ్రువపత్రంతోపాటు తాను ఉద్యోగంలో ఉన్నదీ లేనిదీ పింఛనుదారు ప్రకటించడం ఇందుకే. పునర్నియామక కాలంలో పింఛనుపై కరవు భృతిని నిలిపివేయడం చెల్లుతుందని 1994లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పింఛను పూర్తిగా మినహాయింపు పొందిన మాజీ సైనికులకు మాత్రం 1997 జూలై 18 నుంచి కేంద్రం ఆ భృతిని అనుమతించింది.

కావున కొత్త కొలువులో చేరేముందు నియామక ఉత్తర్వులో అది కొత్త నియామకమా, పునర్నియామకమా, ఒప్పంద సేవా అన్నది స్పష్టంగా చదువుకోవడం, పింఛను చెల్లింపు ఉత్తర్వు ప్రతిని నియామకాధికారికి అందజేయడం విశ్రాంత ఉద్యోగులందరికీ మేలు. దేశరక్షణలో, శాంతిభద్రతలలో జీవితం గడిపిన వారు మలి వయస్సులో రికవరీ నోటీసులతో కార్యాలయాల చుట్టూ తిరిగే దుస్థితి ఈ చిన్న జాగ్రత్తతో తప్పుతుంది.