పిలిస్తే వచ్చే కారు: అపోహలు – వాస్తవాలు

మాల్ గుమ్మంలో నిలబడి ఫోన్ నొక్కితే చాలు, ఎక్కడో మూలన ఉన్న కారు తనంతట తానే స్టీరింగ్ తిప్పుకుంటూ వచ్చి ముందు ఆగుతుంది. 2019 సెప్టెంబరులో అమెరికాలో టెస్లా ‘స్మార్ట్ సమన్’ విడుదల చేసినప్పటి నుంచి ఇలాంటి వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. మన దగ్గర 2025 జూన్‌లో టాటా హ్యారియర్ ఈవీ ‘సమన్ మోడ్’తో వచ్చింది. మహీంద్రా కొత్త ఎలక్ట్రిక్ కార్లలో బయట నిలబడే కారును పార్క్ చేసుకునే వీలుంది. అదే ఏడాది ఆగస్టులో ఢిల్లీ ఏరోసిటీలో టెస్లా షోరూమ్ తెరిచింది. దాంతో గురుగ్రామ్, నోయిడాల్లో కొత్త కారు కొనాలనుకునేవాళ్ల మధ్య రెండు మాటలు బలంగా వినిపిస్తున్నాయి. ఇక పార్కింగ్‌లో నడవక్కర్లేదు, కారే వచ్చి ఎక్కించుకుంటుందని కొందరంటారు. అదంతా షోకు, పైసా ఉపయోగం లేదని మరికొందరు కొట్టిపారేస్తారు. ఈ రెండూ అపోహలే. ఈ సదుపాయం దూరాన్ని తగ్గించేది కాదు, ఇరుకును దాటించేది. అలా చూసినప్పుడే దాని అసలు విలువ తెలుస్తుంది.

ముందుగా తేల్చుకోవలసింది, అన్ని ‘సమన్’లూ ఒకటి కావు. హ్యారియర్ ఈవీలో తాళం మీది బటన్‌తో కారును తిన్నగా ముందుకో వెనక్కో కదిలించవచ్చు, అంతే. అది మలుపులు తిరిగి మనల్ని వెతుక్కుంటూ రాదు. టెస్లా మోడల్ వై భారత్‌లో 59.89 లక్షల రూపాయల ప్రారంభ ధరతో వచ్చినప్పుడు, ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ పేరిట మరో 6 లక్షల ప్యాకేజీ చూపించింది. కానీ దానివల్ల కారు స్వయంగా నడిచే వాహనం అయిపోదని, డ్రైవర్ పర్యవేక్షణ తప్పనిసరని ఆ కంపెనీయే చెబుతోంది. యూరప్‌లో వర్తించే ఐక్యరాజ్యసమితి 79వ నిబంధన ప్రకారం రిమోట్‌తో పార్క్ చేసే మనిషి కారుకు 6 మీటర్ల లోపే ఉండాలి, బటన్ నొక్కి పట్టుకునే ఉండాలి, వేలు తీస్తే కారు ఆగిపోవాలి. ఆరు మీటర్లంటే ఒక పెద్ద కారు పొడవు కంటే కాస్త ఎక్కువ. దూరం నుంచి పిలిపించుకునే పద్ధతిని నిబంధన రాసినవాళ్లే ఒప్పుకోలేదన్నమాట.

సమయం కలిసొస్తుందన్న వాదన లెక్కకు నిలవదు. మామూలు నడకతో మనిషి నిమిషంలో 80 మీటర్లు పోతాడు. రిమోట్‌లో ఉన్న కారు నడక వేగంతోనే, చాలాసార్లు అంతకంటే నెమ్మదిగా, ప్రతి అడ్డంకి దగ్గరా ఆగుతూ వస్తుంది. ఆదివారం బిర్యానీ కోసం అశోకా రోడ్డులోని ఆంధ్రాభవన్‌కు వెళ్లినవాళ్లకు ఆ ముందు రద్దీ తెలుసు. ఆటోలు, స్కూటర్లు, పిల్లల చేతులు పట్టుకుని కార్ల సందుల్లోంచి వచ్చే కుటుంబాలు. ప్రతి మనిషికీ ఆగే కారు అక్కడ అందరి దారికీ అడ్డం పడుతుంది. ఆగని కారైతే ఇంకా ప్రమాదం. అమెరికాలాంటి విశాలమైన పార్కింగ్‌లలోనే ఇది సాఫీగా సాగలేదు. సమన్‌లో కదిలిన కార్లు స్తంభాలను, ఆగి ఉన్న కార్లను గుర్తించలేక గుద్దాయన్న ఫిర్యాదులపై 2025 జనవరిలో అక్కడి రహదారి భద్రతా సంస్థ సుమారు 26 లక్షల టెస్లా వాహనాల మీద విచారణ మొదలుపెట్టింది. కారు తప్పు చేస్తోందని గ్రహించి వేలు తీసేలోపే జరగాల్సింది జరిగిపోయిందన్నది కొన్ని ఫిర్యాదుల సారాంశం.

ఇంతకంటే ప్రమాదకరమైన అపోహ ఇంకొకటి ఉంది. సీట్లో నేను లేను కాబట్టి పూచీ నాది కాదనుకోవడం. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ చూడండి. బహిరంగ స్థలంలో వాహనం ఆగి ఉండాలన్నా లైసెన్సున్న మనిషి డ్రైవర్ సీట్లో ఉండాలి, లేదా ఇంజన్ ఆపి బ్రేకు వేసి ఉండాలి. ఆగి ఉన్న బండి విషయంలోనే చట్టం ఇంత పట్టుదలగా ఉంటే, ఖాళీ సీటుతో కదిలే బండిని ఉపేక్షిస్తుందని ఎలా అనుకుంటాం? ప్రజలకు ప్రవేశ హక్కున్న చోటునే ఆ చట్టం బహిరంగ స్థలం అంటుంది. మాల్ పార్కింగ్ ప్రైవేటుదే కదా అన్న ధీమా పనికిరాదు. పైగా డ్రైవర్ల ఉపాధి దెబ్బతింటుంది కాబట్టి డ్రైవర్‌లేని కార్లను రానివ్వనని కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2023 డిసెంబరులోనే తేల్చిచెప్పారు.

అలాగని ఇది వట్టి ఆటబొమ్మ అనడమూ తప్పే. పార్కింగ్ గడి సాధారణంగా రెండున్నర మీటర్ల వెడల్పుంటుంది. మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ వెడల్పు 1.9 మీటర్ల పైమాటే. మధ్యలో సరిగ్గా నిలిపినా అటూ ఇటూ మిగిలేది 30 సెంటీమీటర్లు. పక్కన ఒక స్తంభం వచ్చిందంటే తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోతుంది. అంత సందులోంచి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు గానీ గర్భిణి గానీ ఎలా దిగుతారు? అందరినీ బయటే దింపి, కారును తిన్నగా లోపలికి పంపి, వెళ్లేటప్పుడు తిన్నగా బయటికి రప్పించుకోవడం అక్కడ విలాసం కాదు, అవసరం. దక్షిణ ఢిల్లీ బిల్డర్ ఫ్లోర్ల కింద, స్తంభాల మధ్య ఒకదాని వెనక ఒకటిగా కార్లు పెట్టుకునే స్టిల్ట్ పార్కింగ్‌లలో అయితే మూడు మీటర్లు ముందుకు, మూడు మీటర్లు వెనక్కి కదిలే కారుతో రోజూ పని పడుతుంది. చక్రాల కుర్చీ వాడేవారికి తలుపు పూర్తిగా తెరుచుకోవాలి కనుక వారికి మరింత మేలు.

సాంకేతికత ఎదుగుతుంది, రేపు మాల్‌లో కూడా కారే వస్తుంది కదా అనే అభ్యంతరం సబబైనదే. కానీ అలా నిజంగా వస్తున్న చోట ఏం చేశారో గమనించాలి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ విమానాశ్రయపు పీ6 పార్కింగ్‌లో డ్రైవర్ లేకుండా కార్లు నిలిపే మెర్సిడెస్, బాష్‌ల వ్యవస్థకు 2022లో అనుమతి లభించింది. అక్కడ దారి చూసేది ప్రధానంగా భవనంలో అమర్చిన సెన్సర్లు. తెలివి కారుకే కాదు, కట్టడానికీ ఇచ్చారు. ఆ లెక్కన చూస్తే ఢిల్లీ ఈ దారిలో ఎప్పుడో అడుగు పెట్టింది. గ్రీన్ పార్క్‌లో 136 కార్లు పట్టే టవర్ పార్కింగ్ 2020లోనే మొదలైంది. కారును పలక మీద వదిలి దిగిపోతే యంత్రమే పైకి తీసుకెళ్లి, అడిగినప్పుడు కిందికి తెస్తుంది. తలుపులు తెరిచే జాగా, తిప్పుకునే దారి అక్కర్లేదు కాబట్టే ఢిల్లీ మాస్టర్ ప్లాన్ 2021 బేస్‌మెంట్‌లో కారుకు 32 చదరపు మీటర్లు లెక్కగడితే, యాంత్రిక పార్కింగ్‌లో 16 చాలంది. దీనికి మామూలు కారు చాలు. నగరానికి కావలసింది ఇలాంటివి ఎక్కువ కావడమే.

కాబట్టి ఈ సదుపాయం కోసం అదనంగా డబ్బు పెట్టే ముందు మీ అపార్ట్‌మెంట్‌లో మీ గడిని టేపుతో కొలిచి చూసుకోండి. రెండు పక్కలా తలుపు బాగా తెరుచుకుంటే దీని అవసరం మీకు లేదు. ఇరుకైతే కొనండి, నిస్సంకోచంగా వాడండి. కారు నాలుగు మూలలూ కనిపించే చోట నిలబడండి, మీ కాంపౌండు దాటించకండి. బటన్ నొక్కే ముందు ఒక్కసారి వంగి కారు కిందికి చూడండి. ఢిల్లీ చలికాలంలో వీధికుక్కలు వెచ్చదనానికి అక్కడే పడుకుంటాయి, బంపర్లోని సెన్సర్లకు కారు పొట్ట కింద ఉన్నది కనిపించదు.